సోడియం చివరి బల్ల

మంగళవారం రాత్రి, గార్ల

గొంతు పోయింది. కాళ్లు గుంజుతున్నాయి. అయినా పడుకుంటే నిద్ర పట్టేలా లేదు.

అయాన్లు అర్థం కావాలని ఇవాళ పదో తరగతి పిల్లలనే ఎలక్ట్రాన్లుగా, బల్లలనే కక్ష్యలుగా చేసి కూర్చోబెట్టాను. కిటికీ పక్క బల్ల మీద ఏడుగురు, అది క్లోరిన్ చివరి కక్ష్య. సోడియం చివరి బల్ల మీద ఒక్కరే ఉండాలి. తండా నుంచి కొత్తగా వచ్చి చేరిన సరిత ఎలాగూ రోజూ ఒంటరిగానే కూర్చుంటుంది కదా అని ఆమెనే ఉంచాను. అప్పుడేమీ అనిపించలేదు.

నేను చెప్పగానే సరిత లేచి క్లోరిన్ బల్లకు వెళ్లింది. వాళ్లు మూతి ముడుచుకుని కాస్త జరిగారు.

"ఒకటి పోయినంక మైనస్ గావాలె గదా మేడం, సోడియం ప్లస్ ఎట్లయితది?" అన్నాడు రమేష్. ఏటా ఎవరో ఒకరు అడిగేదే. పోయిన ఎలక్ట్రానే మైనస్, అందుకే అది పోయాక సోడియం ప్లస్ అయి నిమ్మళంగా ఉంటుందన్నాను.

గంట కొట్టాక సరిత నా దగ్గరికి వచ్చింది.

"నేను పోతెనే క్లాసుల అందరికి నిమ్మళమా మేడం?"

"అది ఎలక్ట్రాన్ ముచ్చట బిడ్డా, నీది కాదు."

తల ఊపింది. ఆ ఒక్కటీ రాకపోతే క్లోరిన్‌కు నిమ్మళం లేదని కూడా చెప్పాల్సింది. బస్సు పోతుందని వచ్చేశాను.

రేపు మెగ్నీషియం. దాని చివరి బల్ల నుంచి ఇద్దరు కలిసి వెళ్లాలి. సరిత పక్కన ఎవరు కూర్చుంటారని అడగాలి. అడిగాక ఎవరి చెయ్యయినా లేస్తుందో లేదో...