గంట ప్రయాణం

గురువారం రాత్రి, చెన్నై బస్సులో

కడప నుంచి చెన్నైకి విమానంలో గంట. రేపు తెల్లవారుజామునే అక్కకు ఆపరేషన్. లోపలికి తీసుకెళ్లేముందు నన్ను చూడాలంది.

నేను బయల్దేరే వేళకు రాహుకాలమని, అత్తమ్మ పొద్దున్నే మంచి గడియ చూసి నా సంచిని పక్కింటి హుసేనమ్మ దగ్గర పెట్టింది. అలా పెడితే ప్రయాణం మొదలైనట్టేనట. తీరా నేను వెళ్లేసరికి ఆ ఇంటికి తాళం. హుసేనమ్మ కమలాపురం పోయిందట. నా ఆధార్ కార్డు సంచిలోనే ఉండిపోయింది. ఆమె తిరిగొచ్చేలోగా విమానం వెళ్లిపోయింది.

ఇందాక అత్తమ్మ ఫోన్ చేసింది. "మంచి గడియలోనే కదిలినావు, ఏం గాదులేమ్మా."

గొడవపడే ఓపిక లేక ఊఁ అన్నాను.

తర్వాత అక్క. "యాడుండావే?"

"వస్తాండాక్కా."

మంచి గడియలో కదిలింది సంచి. నేను కాదు.