తొంభై ఐదు అడిగే కారులో తొంభై ఒకటి

సంజీవ్, కారు తీయకు. పెట్రోలు మూత తెరిచి లోపలి స్టిక్కరు చదువు. కనీసం తొంభై ఐదు ఆక్టేన్ రకం పెట్రోలే పోయాలని ఉంది. కోరుట్ల బంకుల్లో దొరికేది తొంభై ఒకటి. తక్కువ ఆక్టేన్ పోస్తే టర్బో ఇంజన్ లోపల టకటకా కొట్టుకుంటుంది. దాన్ని ఆపడానికి కంప్యూటర్ స్పార్కును ఆలస్యం చేస్తుంది. బలం తగ్గుతుంది, నువ్వు ఇంకా తొక్కుతావు, మైలేజీ పడిపోతుంది.

ఇది కిరోసిన్ కల్తీ కాదు. నిన్న నువ్వు తెలంగాణ దీక్షా శిబిరంలో మైకు లాక్కుని, "బంకు భూమయ్య పెట్రోల్ల గ్యాస్‌నూనె కలుపుతుండు, ద్రోహి గాడు" అన్నావు. జనం పస్తులుండి సంపాదించిన మైకు నీ మైలేజీకి కావాల్సి వచ్చింది. వాళ్లు నమ్మారు. ఇవాళ సాయంత్రం బంకు పగలగొడతామంటున్నారు.

పొద్దున ఆ బంకు పెట్రోలు పరీక్ష చేయించాను. బాగుంది. భూమయ్య నన్ను అడిగాడు: "నా బిడ్డ సుత గా శిబిరంలనే కూసున్నది సారూ. దానికేం జెప్పాలె?"

భూమయ్య మీద నువ్వు అడిగిన కల్తీ వార్త మా పేపర్లో రాయను. రాస్తే తప్పు చెప్పింది నువ్వని నీ పేరు పెట్టి రాయాలి. నేను ధర్నా వార్తకు జగిత్యాల పోతున్నాను. నువ్వు మధ్యాహ్నమే శిబిరానికి నడిచి పో. అదే మైకులో తప్పు నాదని చెప్పు.

— అన్న

పప్పు పొయ్యి మీద ఉంది, తిని పో. భూమయ్యను కూడా శిబిరానికి రమ్మన్నాను. బిడ్డ పక్కన కూర్చుంటాడు. వాళ్లిద్దరినీ చూస్తూ చెప్పు.