పిన్నీసు గుచ్చుకున్న సంగతి

ఓడలో నుంచి,
బుధవారం మధ్యాహ్నం.

నా సూరమ్మకు ప్రభువు నామంలో వందనాలు. దేవుని దయవల్ల అమ్మాయి ఆశాజ్యోతి, అల్లుడు విజయ్ పాల్, నేను, ముగ్గురం క్షేమం. కాకినాడలో నువ్వూ, నీకు తోడున్న మీ చెల్లెలూ అలాగే ఉన్నారని తలుస్తాను. నా క్షేమం మాత్రం పూర్తి క్షేమం కాదు, ఓ పిసరు తక్కువ. అదేంటో చివర్లో రాస్తాను. కంగారుపడి కింది నుంచి చదవడం మొదలుపెట్టకు, వరసగా చదువు.

నా చొక్కాల మడతలో నువ్వు దాచిన ఉత్తరం ఓడెక్కిన రోజునే దొరికింది. నలభై ఏళ్ళ కాపురంలో నువ్వు నాకు రాసిన రెండో ఉత్తరమది. మొదటిది ఆశ పుట్టినప్పుడు ఉప్పాడ నుంచి రాశావు. ఎదురుగా అడగలేనివి రాసి పెట్టావు కాబట్టి నేనూ రాసే జవాబు చెబుతున్నాను. ఫోన్లో అయితే పక్కన అమ్మాయి ఉంటుంది.

అన్నం దొరుకుతోంది. పప్పూ ఉంది, పేరుకి పప్పే. నీ గోంగూర పచ్చడి సీసా రెండో రోజుకే సగమైంది, అంతా అల్లుడి చలవ. మంకీ క్యాప్ పెట్టుకుంటున్నాను. ఓడలో జనం చూసి నవ్వుకుంటున్నా తియ్యడం లేదు. షుగర్ మాత్రలు ఒక్క పూట కూడా తప్పలేదు. ఇక ఆ చెప్పు గురించి అడిగావు చూడు, దానికి కాస్త ఆగు.

నువ్వు రాలేదన్న వెలితి నాకింకా తీరలేదు. పుట్టిల్లు సముద్రంలో కలిసిపోవడం కళ్ళారా చూసిన మనిషిని ఓడెక్కమని ఏ నోటితో బలవంతపెట్టను? అయినా నిన్న నేను చూసినదాంట్లో సముద్రం లేదు. నువ్వు ఉండాల్సింది.

ఈ అలాస్కాలో ఓడ రేవులో ఆగినప్పుడల్లా ఒడ్డుకి దిగి ఏదో ఒకటి చూసి రావచ్చు. ఏదన్నది ముందే చెప్పాలి. ఆశ జాబితా చదివింది. కొండల్లో రైలు, తిమింగలాలు చూపించే పడవ, గైడుతో కలిసి గ్లేసియర్ మీద నడక. గ్లేసియర్ అంటే కొండల నడుమ గోదారంత వెడల్పున పేరుకున్న మంచుగడ్డ. కదలనట్టే ఉంటుంది గాని, రోజూ కాస్త కాస్త కిందికి జరుగుతుందట.

"రైలెక్కుదాం నాన్నా, హాయిగా కూర్చుని చూడొచ్చు," అంది ఆశ.

"నేను నడకకే వెళ్తానే," అన్నాను.

"అరవై ఏడేళ్ళొచ్చాక మంచు మీద నడకేంటి నాన్నా?"

"ముప్ఫై ఏళ్ళు హార్బర్ ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసినోణ్ణి. నాకు మంచు కొత్తేంటే?"

అల్లుడు నా పక్షాన చేరాడు. "వెళ్ళనీ ఆశా, మావయ్యగారికి అది పుట్టిల్లు లాంటిది," అన్నాడు. వాళ్ళిద్దరూ రైలుకి వెళ్ళారు, నేను హెలికాప్టరెక్కాను. అవును, హెలికాప్టరే. దిగాక చెబుతున్నాను కాబట్టి భయపడకు.

మా గైడు హన్నా అని పాతికేళ్ళ పిల్ల. బైబిల్లో పేరని చెబితే మురిసిపోయింది. ఎక్కేముందే ఆఫీసులో అందరికీ పెద్ద బూట్లు ఇచ్చారు. మంచు మీద దిగాక వాటి కింద ఇనుప ముళ్ళు కట్టింది. "బిగువు సరిపోయిందా?" అని ఒక్కొక్క కాలూ పట్టుకుని అడిగింది. కుడికాలికి చూసి చెప్పాను. ఎడమకాలికి ఊరికే తలూపాను.

మన ఫ్యాక్టరీ దిమ్మల్లో నడుమ తెల్లగా ఉండేది గుర్తుందా? అది లోపల చిక్కుకున్న గాలి. ఇక్కడ వందల ఏళ్ళ బరువుకి ఆ గాలంతా పోయి, మంచు నీలంగా మారిపోయింది. నీ పెళ్ళినాటి ఉప్పాడ చీర అంచు రంగు. చేత్తో తట్టి చూశాను, పాత అలవాటు. నా బతుకంతా మంచుని చేపల కోసం ముక్కలు కొట్టించడమే గాని, ఒక్కసారైనా నిలబడి చూడలేదు. చూసే భాగ్యం దేవుడు ఇన్నాళ్ళకు ఇచ్చాడు. నాకు ఏడుపొచ్చింది సూరమ్మా.

ఇక అసలు సంగతి.

మొన్న మే నెలలో చర్చి అయ్యాక, నా ఎడమ చెప్పు గేటు దగ్గరే జారిపోతే ఆ ఎండలో ఆటో స్టాండు దాకా ఒంటి చెప్పుతో నడిచాను. చర్చి గేటు దగ్గరుండే పాపాయి చెప్పు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ధ్యాస లేదని నీతో అన్నాను. నిజంగా ధ్యాస లేకేనా అని నువ్వు ఉత్తరంలో అడిగావు. కాదు. ఏడాదిగా నా ఎడమ అరికాలికి స్పర్శ లేదు. ఫ్యాక్టరీలో కాళ్ళు మొద్దుబారి సాయంత్రానికి మామూలయ్యేవి కదా, ఇదీ అలాగే పోతుందనుకున్నాను. తర్వాత షుగర్ వల్లేనని తెలిసినా నీకు చెప్పడానికి భయపడ్డాను. ఇక్కడ నడకకి ముందు నింపమన్న ఫారంలో కూడా కాళ్ళకి ఏ ఇబ్బందీ లేదని రాశాను.

నడకే ఎందుకు కావాలన్నానో అదీ చెబుతాను. మంచు మీద అందరి కాళ్ళూ మొద్దుబారతాయి. అక్కడ నాది బయటపడదు, అందరిలాగే ఉంటాను. అదీ నా తెలివి.

తిరిగొచ్చి ఆఫీసులో బూట్లు విప్పుతుంటే ఎడమ మేజోడు ఎర్రగా తడిసి ఉంది. జత విడిపోకుండా నువ్వు పెట్టిన పిన్నీసు అందులోనే ఉండిపోయింది. నేను జత లాగినప్పుడు ఊడి, నడిచిన రెండు గంటలూ బొటనవేలి కింద గుచ్చుకుంటూనే ఉంది. నాకు తెలియనే లేదు.

హన్నా కింద కూర్చుని నా కాలు ఒళ్ళో పెట్టుకుంది. "నొప్పి తెలియలేదా?" అని అడిగింది. లేదన్నాను. ఆ పిల్ల చెయ్యి ఆగిపోయింది. "ఇంట్లో తెలుసా?" అంది. తెలియదన్నాను. "ముందు ఎవరికి చెబుతారు?" అంది. మా ఆవిడకి అన్నాను. మాట తీసుకుని అప్పుడు కట్టు కట్టింది. ఓడ డాక్టరుకి కూడా చూపించాను. గాయం చిన్నదే, ఇంటికెళ్ళగానే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు.

పిన్నీసు పెట్టింది నేనే కదా అని నువ్వు బాధపడకు. ఏడాదిగా నేను దాచింది అదే బయటపెట్టింది. హన్నాకీ, నీకూ, ఆ పిన్నీసుకీ రుణపడి ఉన్నాను.

ఈ ఉత్తరం ఇప్పుడే పోస్టు చేసేస్తున్నాను. దగ్గర ఉంచుకుంటే చింపేస్తాను, నా సంగతి నీకు తెలుసు. బహుశా ఇది నాకంటే వెనకే వస్తుంది. ఈలోగా నాకు మళ్ళీ పిరికితనం పుట్టొచ్చు. అందుకని పిన్నీసు చొక్కా జేబులో పెట్టుకున్నాను. గుమ్మంలోకి రాగానే నీ చేతికిస్తాను. ఇదేంటండీ అని నువ్వు అడక్కుండా ఉండవు. ఈసారి రాసి దాచకుండా, నా ముఖం చూసి అడుగుతావు.

ఇట్లు,
నువ్వు అడిగితే చెప్పేసే
నీ భర్త
జీవరాజు