అద్దం బదులు గుండీ

ములకలపల్లి దగ్గరి తండా, జూన్ 28

ప్రియమైన బలరాం అన్నకు,

తండాలో సిగ్నల్ ఎక్కదు కాబట్టి రాస్తున్నాను. అమ్మ మళ్లీ పెట్టెంతా వెతికింది. కంటి ఆపరేషన్‌కని ఖానాపురం హవేలి ఊరొచ్చి మీ ఇంట్లో ఉన్నప్పుడు మరిచిపోయి వచ్చిందిగా, తన పెళ్లినాటి అద్దాల లంగా, అదే ఆ పేటియా. తీజ్ పండుగకు కట్టుకుని ఆడాలని ఆమె ఆశ. ఒకసారి సరిగ్గా వెతుకు అన్నా.

నీ చెల్లె,
సువర్ణ

కొచ్చి, జులై 6

ప్రియమైన చెల్లెకు,

ఆ పీలికల్ని ఎలుకలు కొట్టాయని ఎన్నిసార్లు చెప్పాలి? కొత్త చీర కొంటాను, అమ్మను ఊరుకోమను.

ఆఫీసు వాళ్లతో కొచ్చి చూడటానికి వచ్చాను. పాత రాజభవనంలో గోడల నిండా దేవుళ్ల బొమ్మలు, రంగు వెలిసిన గోడకు కూడా టికెట్టు. పక్క వీధిలో పాత మిరియాల గోదాము. అందులో ఉన్నది కొత్త కళ అట. ఒకడు విరిగిన కుర్చీ పెట్టాడు, ఇంకొకడు ఉత్త ఇసుక పోశాడు. జనం చేతులు కట్టుకుని తలలూపుతున్నారు. అందరికంటే ఘనుడు మరొకడు. పాత అద్దాల లంగా ఒకటి పైకప్పుకు వేలాడదీసి లోపల ఎర్ర బల్బు పెట్టాడు. నడుము దగ్గర అద్దం ఊడిపోతే, కుట్టినావిడ తెల్ల చొక్కా గుండీ పెట్టి సరిపెట్టింది. కింద 'పేరు తెలియని పల్లె స్త్రీ' అని చీటీ. నేను గట్టిగా నవ్వితే కాపలా మనిషి గుడ్లురిమాడు. అమ్మకు చదివి వినిపించు, నవ్వుకుంటుంది.

మీ అన్న,
బలరాం

తండా, జులై 14

అన్నకు,

వినిపించాను. అమ్మ నవ్వలేదు.

నిన్ను ఆశ్రమ పాఠశాలలో చేర్చిన రోజు అమ్మ లంగా పట్టుకుని వేలాడావు. సారు నిన్ను లాగితే అద్దం ఊడి నీ గుప్పిట్లోనే ఉండిపోయింది. అమ్మ ఇంటికొచ్చి నీ పాత చొక్కా గుండీ తెంపి అక్కడ కుట్టుకుంది. తండా అంతటికీ తెలిసిన సంగతి, తెలియనిది నీకొక్కడికే.

ములకలపల్లి వెళ్లి వదినకు ఫోన్ చేశాను. పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే అతనికి లంగా వేసి బకెట్ తీసుకున్నావట. మీ ఇంటి ఎలుకలు మహా గట్టివి అన్నా, కొచ్చి దాకా మోసుకెళ్లాయి. తల్లి చేతి కుట్టు గుర్తుపట్టని కళ్లతో ఏ కళ చూసొచ్చావు? ఆపరేషన్ చేయించాల్సింది అమ్మకు కాదు.

అమ్మ ఒక్కటే అడిగింది. "గుండీ ఊడలే గదా బిడ్డా?"

సువర్ణ

కొచ్చి, జులై 22

అమ్మకు,

సువర్ణ చదువుతుంది, విను. మళ్లీ వచ్చాను. లంగా ఇమ్మంటే, నీకూ దీనికీ ఏం సంబంధమని అడిగారు. "బకెట్‌కు దీన్ని అమ్ముకున్నోన్ని" అన్నాను. ఎవరూ నవ్వలేదు, నవ్వినా బాగుండేది.

ప్రదర్శన ముగిశాకే ఇస్తారట. తీజ్‌కు అందదు. చీటీ మీద మాత్రం నీ పేరు, సోమ్లి అని రాయించాను.

గుండీ ఊడలేదమ్మా. దారం కూడా వదులు కాలేదు.

నీ కొడుకు,
బలరాం