ఏడు మెట్ల ఆకాశం

చిరంజీవి తూనీగకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అమ్మా ఒకరినొకరు విసుక్కునే ఓపికతో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ అల్లుడుగారూ అంతకంటే బాగుండాలి. అల్లుడుగారి దగ్గు తగ్గిందా అని మీ అమ్మ పూటకోసారి నన్ను అడుగుతోంది, నాకేదో కలలో తెలిసినట్టు. ముప్పైనాలుగేళ్లొచ్చాక ఇంకా తూనీగేమిటి నాన్నా అంటావని తెలుసు. నీకు అరవై వచ్చినా నాకు మరో పేరు నోటికి రాదు.

నీ ఉత్తరం పోయిన సోమవారం అందింది. "ఫోనులో చెబితే అమ్మ మధ్యలో దూరుతుంది. రాసి పంపు, బొమ్మ వేసే బల్ల ముందు గోడకు అంటించుకుంటాను" అన్నావు. ఆ ముక్క మీ అమ్మకు చదివి వినిపించాను. "దూరక ఏం చెయ్యమంటావ్! తండ్రీకూతుళ్లు రంగుల కబుర్లు మొదలెడితే తిన్నారా లేదా అని అడిగే దిక్కుండదు" అంది. అని ఊరుకోకుండా, "అడిగినవన్నీ రాయండి. అన్నీ" అని కూడా అంది. ఆ రెండోసారి 'అన్నీ' ఎందుకు అందో ఉత్తరం చివరికి నీకే తెలుస్తుంది.

నా పనికి లోటు లేదు. ఫ్లెక్సులు వచ్చాక బోర్డులు తగ్గినా, అద్దాల మీద చేతిరాతే కావాలనేవాళ్లు ఇంకా మిగిలారు. ఈ వారం మందుల షాపు తలుపు మీద అక్షరాలు రాశాను. ఓనరు ముక్కు అద్దానికి ఆనించి చూసి, ఒక్క అక్షరం కూడా వంకర లేదేమిటండీ అన్నాడు. వంకర లేకుండా చెయ్యడం తప్ప నాకేం చేతనవును?

ఇక నీ ప్రశ్నలు.

రెండు రంగులు కలిసేచోట చారలు పడుతున్నాయనీ, ఇంకాస్త రుద్దితే వేసిన రంగు పొట్టులా లేచి వస్తోందనీ రాశావు. అది నీ చేతి తప్పు కాదు, సమయం తప్పు. ఆయిల్ రంగు అయితే నువ్వు భోంచేసి, ఒక కునుకు తీసి వచ్చినా అలాగే పడి ఉంటుంది. నువ్వు వాడే అక్రిలిక్ నిమిషాల్లో ఆరిపోతుంది, ఎవరి కోసమూ ఆగదు. అందుకని ముందు బోర్డు మీద నీళ్లు సన్నగా చిమ్ము. తడి పట్టాలి గానీ కారకూడదు. ఆకాశమంతా ఒకేసారి మీదేసుకోకు, జానెడు జాగాతో మొదలుపెట్టు. రెండు రంగులూ పక్కపక్కన వేసి, వేరే శుభ్రమైన బ్రష్షు తడిపి, పిండి, అవి కలిసే గీత మీద ఇంటూ గుర్తులు వేస్తున్నట్టు ఆడించు. చివర్లో ఒక్కసారి అడ్డంగా, తగిలీ తగలనట్టు. బ్రష్షు బంకగా పట్టుకుంటోందా, ఇక చెయ్యి తీసెయ్. గీత ఇంకా కనిపిస్తున్నా సరే, తీసెయ్. పూర్తిగా ఆరాక దాని మీద మరో పొర వేసుకోవచ్చు. సగం ఆరినదాన్ని కెలికితే మాత్రం రెండిటికీ చెడుతుంది. ఈ పనిలో చెయ్యి పెట్టడం కంటే తీయడం కష్టం. ఆ కష్టం నాకు బాగా తెలుసు.

నారింజ నుంచి నీలానికి వెళ్తుంటే మధ్యలో బురద రంగు వస్తోందన్నావు. వస్తుంది మరి. ఆ రెండిటికీ పడదు. పడనివాళ్లిద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టాల్సి వస్తే మధ్యలో మూడోమనిషిని కూర్చోబెడతాం కదా, అలా మధ్యలో గులాబీ రంగు వెయ్యి. గులాబీ నారింజతోనూ సర్దుకుంటుంది, నీలంతో కలిస్తే ఊదా అయి గౌరవంగానే ఉంటుంది. ఒక్కో రంగుకు మారేముందు బ్రష్షు కడుక్కో. నీకు చిన్నప్పటి నుంచీ బ్రష్షు కడగడానికి బద్ధకం.

పొరలు ఎన్ని వెయ్యాలి అంటావా? అది నన్ను అడగడమే విడ్డూరం. రోజంతా ఆ ల్యాబులో కూర్చుని కట్టుడు పళ్లు చేసేదానివి. ఒక పన్ను పన్నులా కనబడాలంటే నాలుగు రకాల తెలుపు ఒకదాని మీద ఒకటి వెయ్యాలని నువ్వే నాకు చెప్పావు. ఇక్కడా అంతే. చిక్కగా ఒక్కసారి పులమకు. రంగును పల్చన చేసే మీడియం కలిపి వెయ్యి, ఆరనివ్వు, మళ్లీ వెయ్యి. కింద పసుపు ఉంటే పై ఎరుపు వెచ్చగా కనబడుతుంది, కింద నీలం ఉంటే అదే ఎరుపు మసకబారుతుంది. ఉత్త నీళ్లు మరీ ఎక్కువ పొయ్యకు, రంగుకు పట్టు ఉండదు. పాలెట్ మీద రంగులు ఎండిపోతుంటే డబ్బా మూతలో తడి గుడ్డ, దాని మీద పల్చని కాగితం పరిచి రంగులు దాని మీద పెట్టుకో. ఒక పూటంతా మెత్తగా ఉంటాయి.

గోడకు అంటించుకోవాలనుకుంటే కాగితం ఇక్కడికి కత్తిరించుకో. కింద రాసేది గోడకు కాదు.

నీ ఉత్తరంలో నాలుగో సంగతి ఉంది. నువ్వు చేరిన బొమ్మల క్లాసులో నీ బోర్డు చారలు చారలుగా ఉంటే, "పర్లేదండీ, ఆరాక రంగులు వాటంతటవే కలుస్తాయి" అన్నావట. మీ మాస్టారు నవ్వారట. ఎవరు చెప్పారమ్మా నీకు అంటే, మా నాన్న చెప్పాడు, ఆయన పెయింటరు అన్నావట. అప్పుడు క్లాసంతా నవ్విందట. నువ్వు ఊరుకోకుండా, "మా నాన్న నలభై ఏళ్ల నుంచి రంగుల్లోనే ఉన్నాడు, ఆయనకు తెలియదా?" అని మాస్టారితో వాదం వేసుకుని ఇంటికొచ్చేశావట. "పదేళ్లప్పుడు ఆకాశం అంత నున్నగా వేసిన చెయ్యి ఇప్పుడు ఏమైందో నాన్నా. ఈ నెలాఖరుకు మానేస్తాను. ఒక్కసారి మనింటి గోడకున్న ఆ ప్రైజు బొమ్మ పంపు, చూసి ఎలా వేశానో గుర్తు తెచ్చుకుంటాను. అదీ కుదరకపోతే ఇక బ్రష్షు ముట్టను" అని రాశావు.

ఆ బొమ్మ పంపమని అడగడం ఇది మూడోసారి. మొదటిసారి మేకు ఊడదన్నాను. రెండోసారి పార్సిల్‌లో విరుగుతుందన్నాను. రెండూ అబద్ధాలే. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నువ్వు ఆ బొమ్మ పేరెత్తినప్పుడల్లా నా చెయ్యి నా భుజం మీదికి పోతోంది.

తూనీగా, ఆ నున్నటి ఆకాశం నువ్వు వేసింది కాదు. నేను వేసింది.

నా షాపు బోర్డులో మిగిలిన ముక్క నీకు కోసిచ్చాను, గుర్తుందా? బొమ్మల పోటీకి ముందురోజు పొద్దున బాల్కనీలో కూర్చుని ఎదురింటి డాబా మీద నీళ్ల ట్యాంకు, దాని వెనక అంతకుముందు సాయంత్రం చూసిన ఆకాశం వేశావు. పసుపు నుంచి నీలం దాకా పట్టీలు పట్టీలుగా, మందంగా పెట్టావు. కిటికీలో ఆరబెట్టి లెక్కల ట్యూషన్‌కు వెళ్లావు. నేను భోజనానికి వచ్చాను. పట్టీకీ పట్టీకీ మధ్య అంచులు కనబడ్డాయి. బోర్డు మీద అంచు కనబడితే చెయ్యి ఊరుకోని మనిషిని. కొంచెం సర్దుదామని బ్రష్షు తీశాను. ఒక మూల సర్దితే రెండో మూల ఎబ్బెట్టుగా కనబడింది. గంటలో ఆకాశమంతా అయిపోయింది. తెలుపు కలిపి నీ రంగుల మీదుగా నా రంగులు వేశాను.

మీ అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "అది దాని బొమ్మ కదండీ" అంది. లోపలికి వెళ్లిపోయింది.

నువ్వొచ్చి చూసి, "నా ఆకాశానికేమైంది నాన్నా?" అన్నావు. అప్పుడైనా చెప్పొచ్చు. "ఆరాక రంగులు వాటంతటవే కలుస్తాయమ్మా" అన్నాను. ఇరవై నాలుగేళ్ల తర్వాత నీ క్లాసు నవ్వింది ఆ మాటకే. రంగులు ఆరితే ఒక పిసరు ముదురుతాయి, అంతే. వాటంతటవి ఏవీ కలవవు. మీ మాస్టారు చెప్పిందే నిజం. వాళ్లు నవ్వింది నన్ను చూసి, నువ్వు నెత్తినేసుకోకు.

ప్రైజు వచ్చింది. నువ్వు ఎగిరావు, నేనూ నీతోపాటు చప్పట్లు కొట్టాను. చెప్పుకోలేనిది ఆ తర్వాతది. ఆ ప్రైజు రంగులపెట్టెతో మరో రెండు బొమ్మలు వేశావు. వేసి, అవి ఆరేదాకా కిటికీ ముందు మోకాళ్లు ముడుచుకుని కూర్చునేదానివి, కలుస్తాయని. చీకటి పడ్డా లేచేదానివి కాదు. "ఈసారి ఎందుకు కలవలేదు నాన్నా?" అన్నావు. నేను పని ఉందని చెప్పులేసుకున్నాను. మూడో బొమ్మ నువ్వు వెయ్యలేదు. నీకు ఇష్టం పోయింది కాబోలు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పోలేదు. నేనే పోగొట్టాను. నన్ను వెనకేసుకొచ్చి నువ్వు మాస్టారితో పోట్లాడావని చదివాక ఇక దాచడం నా వల్ల కాలేదు.

నిన్న పొద్దున బొమ్మ దించి, చూపు ఆనక కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. వాలుగా పట్టుకునేసరికి పక్క వెలుతురులో నా రంగు కింద నీ పట్టీల అంచులు ఉబ్బెత్తుగా కనబడ్డాయి. లెక్కపెట్టాను, ఏడు. మీ అమ్మ వచ్చి చూసి, "నిన్న సాయంత్రం మబ్బులు మెట్లలా ఉన్నాయమ్మా అని ఆ రోజు నాతో చెప్పి మరీ వేసింది" అంది. నేను అంచులు అనుకున్నవి మెట్లు. తెలియక పడ్డవి కావు, నువ్వు చూసి పెట్టినవి. నీకు ఆ రోజు చెయ్యీ ఉంది, కన్నూ ఉంది. నీ చెయ్యి ఎక్కడికీ పోలేదు. నువ్వు నీ చేతిని నా చేతితో పోల్చుకుంటున్నావు, అంతే. నలభై ఏళ్లు గీతలు సర్దినవాడి చెయ్యి నాది. దాని లెక్కన నీది చూసుకుని మానేస్తే నా తప్పు రెండోసారి జరిగినట్టు.

బొమ్మ ఈ ఉత్తరంతోపాటే వస్తోంది. పొద్దుటి వెలుతురులో వాలుగా పట్టుకుని చూడు. నా పొర గీకాలని మాత్రం చూడకు, దాంతోపాటు నీదీ ఊడి వస్తుంది. దాని మీద నీకు తోచింది వేసుకో. ఎండి ఇరవై నాలుగేళ్లయింది, ఎన్ని పొరలైనా మోస్తుంది. వెయ్యకుండా ఉంచుకున్నా నీ ఇష్టం. నన్ను తిట్టాలనిపిస్తే ఫోన్ చెయ్యి, ఆ ఒక్కరోజూ మధ్యలో దూరనని మీ అమ్మ మాటిచ్చింది. మాస్టారికి ఈ ఉత్తరం చూపించు, నేను ఒప్పుకున్నానని చెప్పు. నెలాఖరు తర్వాత కూడా క్లాసుకు వెళ్లు తల్లీ.

అట్టపెట్టెలో పెట్టేముందు బొమ్మ మీద దుమ్ము కనబడితే తుడుద్దామని గుడ్డ తీశాను. మీ అమ్మ నా చేతిలోంచి గుడ్డ లాక్కుంది. అందుకని దుమ్ముతో సహా పంపుతున్నాను. ఈసారి నేను చెయ్యి పెట్టలేదు.

ఇట్లు,
నీ ఆకాశం మీద చెయ్యి చేసుకున్న
నాన్న