ఒకే పేరుతో రెండో ఫైలు

2005 ఫిబ్రవరి 7, సోమవారం

తేజా అప్‌లోడర్ వెర్షన్ 1.0 ఇవాళ నెట్‌లో పెట్టేశాను. ఎవడైనా డౌన్‌లోడ్ చేసుకుని తన వెబ్‌సైట్‌లో వాడుకోవచ్చు. తేజా అని మన మిరప రకం పేరే పెట్టాను. గుంటూరు సరుకని తెలియాలి, కాస్త ఘాటు తగలాలి.

పని చిన్నదే. ఫైలు ఎక్కుతున్నంతసేపూ స్క్రీన్ మీద ఒక బార్ నిండుతూ కనిపిస్తుంది. మన డయలప్ కనెక్షన్లలో ఫొటో ఎక్కుతోందో చచ్చిందో తెలియక జనం బటన్ టకటకా నొక్కి సర్వర్ ప్రాణం తీస్తున్నారు. నా బార్ చూస్తే చేతులు కట్టుకుని కూర్చుంటారు.

మా బాసు చైతన్యకృష్ణ గారు చూసి భుజం తట్టారు. ఆఫీసులో డెవలపర్లందరూ దీన్ని తమ ప్రాజెక్టుల్లో వాడి ఫీడ్‌బ్యాక్ రాసివ్వాలన్నారు. హైదరాబాదులో వాళ్ల బావమరిది కంపెనీలో ఒకే ఒక్క సీటుందట. ఫీడ్‌బ్యాక్ బాగుంటే నన్ను పంపిస్తారు. లేకపోతే మెహర్‌ని.

మెహర్ నా పక్క సిస్టమ్. నాలాగే ఎంసీఏ. మార్కులు నాకన్నా ఎక్కువ. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ ఎత్తదు. అదే నాకు ఒళ్లు మంట.

ఫిబ్రవరి 10

నార్వేవాడెవడో ఐదు స్టార్లు ఇచ్చాడు. ఐదు నిమిషాల్లో పని చేసిందట. ప్రింట్ తీసి పర్సులో పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 16, బుధవారం, మధ్యాహ్నం 3

పరువు పోయింది.

మీటింగ్‌లో ఒక్కొక్కరూ ఫీడ్‌బ్యాక్ చెప్పారు. అందరూ బాగుంది బాగుంది అని టీ తాగారు. మెహర్ మాత్రం పేజీ నిండా రాసుకొచ్చింది. ముందు నాలుగు మంచి మాటలు. బార్ బాగుంది, కోడ్ శుభ్రంగా ఉంది అని. తర్వాత మొదలుపెట్టింది. ఆల్రెడీ ఉన్న ఫైలు పేరుతోనే ఇంకో ఫైలు వస్తే పాతది మాయమైపోతోందట. అడగదు, చెప్పదు, కొత్తది వచ్చి దాని మీద కూర్చుంటుంది అంది.

పేర్లు సరిగ్గా పెట్టుకోవడం వాడేవాడి బాధ్యత అన్నాను. అప్పుడు అందరి ముందూ అంది:

"యలమంద గారూ, మీది కోటప్పకొండ కిందే కదండీ. మీ వైపు ఇంటికో కోటేశ్వరి. ఇద్దరి ఫైళ్లు ఒకేసారి వస్తే ఏం చేస్తారు?"

అందరూ నవ్వారు. బాసు కూడా నవ్వారు. ఆవిడ నవ్వలేదు, నిజంగానే అడుగుతోంది. అది ఇంకా దారుణం. పైగా కరెక్షన్ కూడా తనే రాసుకొచ్చింది. ఒక్క లైను. ఆ లైను పెడితే రెండో ఫైలు పేరు పక్కన నంబరు చేరుతుందట. నా కోడ్‌లో నాకు లైను రాసిస్తుందా.

ఆ కాగితం మీద "ఇది బగ్ కాదు" అని రాసి తిరిగిచ్చేశాను.

ఫిబ్రవరి 17

బాసు దగ్గర ఒంటరిగా కూర్చున్నాను. సీటు కోసం మెహర్ నా మీద బురద చల్లుతోందన్నాను. ఆయన తలూపారు. హైదరాబాదు పంపే ఫీడ్‌బ్యాక్ ఫైలు నువ్వే తయారు చెయ్యి, పనికిరానివి తీసెయ్యి అన్నారు.

తీసేశాను. బాసు దగ్గరున్న మెహర్ పేజీ కాపీలో నాలుగు మంచి మాటలు ఉంచి మిగతాది కోసేశాను. ఇప్పుడు చూస్తే ఆవిడ కూడా నన్ను తెగ మెచ్చుకున్నట్టే ఉంది. నాలో నేనే నవ్వుకున్నాను.

ఫిబ్రవరి 28

మెహర్ చేస్తున్నది ఒక డయాగ్నస్టిక్ సెంటర్ సైటు. గుంటూరు మెయిన్ ల్యాబ్‌లో రిపోర్టు స్కాన్ చేసి ఎక్కిస్తే కనిగిరి, వేటపాలెం బ్రాంచీల్లో ప్రింట్ తీసి పేషెంట్ చేతికిస్తారు. రిపోర్టు కోసం పాపం మళ్లీ గుంటూరు బస్సెక్కక్కర్లేదు. ఎక్కించడానికి నా అప్‌లోడరే వాడాలని బాసు ఆర్డర్.

వాడింది. కానీ సర్వర్‌లో తొంగిచూశాను. నా ఫైల్లో తన లైను చేర్చుకుంది. ఎవరికీ చెప్పలేదు, గొప్పలు పోలేదు. నోరు మూసుకుని సరిచేసుకుని పోయింది.

ఇంతకన్నా చెంప మీద కొట్టినా బాగుండేది.

మార్చి 9, బుధవారం

నిన్న శివరాత్రికి కొండ తిరనాళ్లకి పోయాను. ప్రభలు, లైట్లు, దుమ్ము, కాలు పెట్టే సందు లేదు. తప్పిపోయిన పిల్లల కోసం మైకు ఒకటే మోత. ఒకసారి, కోటేశ్వరి అనే పాప మా దగ్గరుంది, తల్లి ఎక్కడున్నా రావాలి అన్నారు. నా కళ్లముందే ఎందరో ఆడవాళ్లు ఒకేసారి పరిగెత్తారు. ఒకావిడ చంకలో తన పిల్ల ఉండగానే పరిగెత్తబోయింది, పక్కావిడ పట్టుకుని ఆపింది. అందరూ పోయి చూసి, మాది కాదు మాది కాదంటూ వెనక్కొచ్చారు.

నవ్వొచ్చింది. వెంటనే మెహర్ మొహం గుర్తొచ్చింది. చేతిలో చెరుకుగడ విసిరికొట్టాను. ఊళ్లో నాతో చదివిన కోటేశ్వరరావుల్ని పొడుగు కోటి, గూని కోటి, సోడా కోటి అని పిలిచేవాళ్లం. ఈ సంగతి నాకు ఆవిడ చెప్పాలా?

మార్చి 11

వెర్షన్ 1.1. బార్ రంగు నీలం నుంచి ఎరుపు చేశాను. తేజా అన్నాక ఎర్రగా ఉండాలి. ఆఫీసు సైట్లన్నిట్లోనూ నేనే ఎక్కించాను, ల్యాబ్ సైట్‌తో సహా. అదే పేరు కాబట్టి పాత ఫైలు పోయి కొత్తది కూర్చుంది. మెహర్ లైను కూడా పోయింది. ఏ హెచ్చరికా రాలేదు.

అందరికీ మెయిల్ కొట్టాను. కొత్త రంగు అని. అంతే రాశాను.

ఏప్రిల్ 6

ల్యాబ్ వాళ్లు హ్యాపీ. కనిగిరి బ్రాంచిలో సుబ్బరావమ్మ గారు ఫోన్ చేసి ఎర్ర బార్ భలే ఉందన్నారు. ఈ మాట ఫీడ్‌బ్యాక్ ఫైల్లో చేర్చాను.

మే 19

ఎండకి మిర్చి యార్డు ఘాటు ఆఫీసులోకి కొడుతోంది. అందరూ తుమ్ముతున్నారు. హైదరాబాదు నుంచి ఇంకా కబురు లేదు. ఒకవేళ మెహర్‌ని పిలుస్తారేమోనని బాసు ఫోన్ మోగినప్పుడల్లా చెవులు రిక్కిస్తున్నాను.

జూన్ 20, సోమవారం

ల్యాబ్ ఓనరు ఆఫీసుకొచ్చి బల్ల గుద్దాడు.

జరిగింది ఇది. కనిగిరి దగ్గర పల్లె నుంచి ఒకావిడ, పేరు కోటేశ్వరి, రొమ్ములో గడ్డ అని ఏప్రిల్లో ముక్క పరీక్షకి ఇచ్చింది. వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే ఇంకో కోటేశ్వరి కూడా అలాంటి పరీక్షకే ఇచ్చింది. రెండు రిపోర్టులూ ఒక్క రోజే ఎక్కాయి. పొద్దున కనిగిరావిడది, క్యాన్సర్ అని. సాయంత్రం వేటపాలెం ఆవిడది, ఏమీ లేదని. ఆపరేటరు రెండింటికీ కోటేశ్వరి అనే పేరు పెట్టాడు. మర్నాడు రెండు బ్రాంచీల్లోనూ ఏమీ లేదన్న కాగితమే ప్రింటయింది. వయసు తేడా ఉంది. కానీ పల్లెల్లో వయసు నోటికొచ్చింది చెబుతారు, ఎవరూ పట్టించుకోలేదు.

కనిగిరావిడ మొగుడు బాపయ్య కొండకి పోయి తల నీలాలిచ్చి వచ్చాడట. ఆవిడ మళ్లీ చేలోకి పనికి పోయిందట. గడ్డ పుండైతే గానీ గుంటూరు రాలేదు. ఇక్కడ పెద్దాసుపత్రిలో చెయ్యి దాటిపోయిందన్నారు.

భయం వేసింది. మొదట ఆవిడ గురించి కాదు. నిజం రాయాలి కదా, మొదట సీటు గురించే.

జూన్ 21, ఉదయం 11

బాసు ఇద్దర్నీ పిలిచారు. మెహర్ తను లైను పెట్టానంది. సర్వర్ తెరిచి చూస్తే లేదు. మార్చి 11 తారీకు ఉంది, నా వెర్షన్. కొత్త వెర్షన్ సంగతి అందరికీ మెయిల్ చేశాను, తన సైటు తనే చూసుకోవాలి అన్నాను. ముందే ఫీడ్‌బ్యాక్ ఇచ్చానంది. బాసు ఫైలు తిరగేశారు. అందులో ఆవిడ నాలుగు మెచ్చుకోళ్లు తప్ప ఏమీ లేవు. తీసెయ్యమన్నది ఆయనే. ఆయనకీ గుర్తుంది, నాకూ తెలుసు. ఇద్దరం టేబుల్ మీద గ్లాసు కేసి చూశాం.

ప్రాజెక్టు మెహర్‌ది కాబట్టి బాధ్యత మెహర్‌దే అన్నారు. రేపటి నుంచి రావద్దన్నారు.

ఏడుస్తుందనుకున్నాను. నన్ను తిడుతుందనుకున్నాను, జవాబు కూడా రెడీ చేసుకున్నాను. బ్యాగు తీసుకుని నా వైపు తిరిగింది.

"నన్ను తీసేస్తే తీసెయ్యండి. ఆ లైను మాత్రం ఇవాళే పెట్టండి. రిపోర్టులు ఇంకా ఎక్కుతున్నాయి."

జూన్ 21, సాయంత్రం

పెట్టలేదు. ఇవాళ పెడితే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు కాదూ? ఫైలు పేరు పక్కన ఊరి పేరు రాసుకోండని ల్యాబ్‌కి చెప్పాం. కొన్నాళ్లు పోనీ.

జూన్ 24

ల్యాబ్ రిపోర్టులు ఎక్కుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఊరి పేరు సగం వాటికే రాస్తున్నారు. ఒకే పేరు రెండుసార్లు రాలేదనుకుంటా. వచ్చినా తెలియదుగా.

జులై 11, సోమవారం

హైదరాబాదు ఇంటర్వ్యూ. ఏసీ రూము, బిస్కెట్లు. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ వస్తే ఎలా తీసుకుంటావని అడిగారు. విమర్శే డెవలపర్‌కి గురువన్నాను. ఒకే పేరుతో రెండు ఫైళ్లొస్తే ఏమవుతుందని ఒకాయన అడిగాడు. మెహర్ పేజీలోది మాట పొల్లు పోకుండా చెప్పాను. బాగా ఆలోచించావయ్యా అన్నాడు.

సీటు నాదే.

జులై 18

ఆఫీసులో ఆఖరి వారం. మధ్యాహ్నం ఒక ముసలాయన గుమ్మంలో నిలబడ్డాడు. గుండు చేయించుకున్న తల మీద వెంట్రుకలు ఇంకా పొట్టిగానే ఉన్నాయి. బాపయ్యనన్నాడు, ల్యాబులో అడిగితే ఇక్కడికి పంపారట. పెద్దాసుపత్రిలో ఇంటికి తీసుకుపొమ్మన్నారట, భార్యని బస్టాండులో బెంచీ మీద పడుకోబెట్టి వచ్చాడు. కొడతాడేమో, కేసు వేస్తాడేమో అనుకుని బాసుకి ఫోన్ చేయబోయాను.

ఆయన చేతులు జోడించాడు.

"బాబూ, ఆ యమ్మ కాయితం మాకొచ్చింది గదా. మరి మా కాయితం ఆ యమ్మకి పోయుంటది. ఎంత బెదిరిపోయిందో ఏమో. నీకేం లేదమ్మా అని ఆ తల్లికి ఎవరన్నా చెప్పారా బాబూ?"

వాళ్ల కాగితం ఎవరికీ పోలేదు. అది సర్వర్‌లో లేకుండా పోయింది, అంతే. ఆ మాట చెప్పాలంటే ఎలా పోయిందో చెప్పాలి.

చెప్పాం, ఆవిడ బాగుంది అన్నాను. పోనీలే బాబూ, ఒక్కరన్నా అన్నాడు. మంచినీళ్లు తాగుతానన్నాడు. కుండ ఖాళీ అన్నాను. అబద్ధం. ఆయన అక్కడ ఇంకొక్క నిమిషం నిలబడితే నాకు ఊపిరాడేది కాదు.

ఆగస్టు 29, హైదరాబాదు

తేజా అప్‌లోడర్ వెర్షన్ 1.2. మార్పులు: బార్ రంగు ఆకుపచ్చ. ఒకే పేరుతో రెండో ఫైలు వస్తే పేరు పక్కన నంబరు చేరుతుంది. సూచించినవారు: ఎవరూ లేరు.

టెస్ట్ కోసం కోటేశ్వరి డాట్ జేపీజీ రెండుసార్లు ఎక్కించాను. ఇద్దరూ ఉన్నారు.