గోడకూ స్తంభానికీ మధ్య

బాపూ,

ఇవాళ పొద్దున మన వరండా కూలింది. మేం బతికే ఉన్నామంటే నాకింకా నమ్మకం కుదరడం లేదు.

బొగ్గుబాయిలో కప్పుకు కట్టెలు నిలబెట్టినవాడివి కదా, మన వరండా గోడకూ ఇనుప స్తంభానికీ మధ్య కూడా టేకుముక్క పెట్టించావు. మేస్త్రీ నవ్వాడు.

"ఇది బాయి కాదు కాకా, ఇల్లు."

"కూలే ముందు కట్టె మొత్తుకుంటది. ఇనుముకు నోరెక్కడిది?" అన్నావు.

నువ్వు పోయాక నేనా ముక్క సంగతే మరిచిపోయాను. ఇవాళ స్తంభం పక్కన కూర్చుని అమ్మా నేనూ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఫట్‌మని చప్పుడైంది.

"ఉరుకు బిడ్డా, కట్టె మొత్తుకుంటాంది!"

అమ్మ నా రెక్క పట్టి వాకిట్లోకి లాగింది. వెనకాలే గోడ ఒరిగి, స్తంభం, రేకులు మేం కూర్చున్నచోటే పడ్డాయి.

అమ్మ ఇంకా వాకిట్లోనే ఉంది. పగిలిన ముక్కను చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇంకొక్కసారి మాట్లాడుతదా బిడ్డా?" అంటోంది.